ఆరిపోకముందే

గదేం మాట సారూ! నల్లగొండ నుంచి ఆర్డరు వచ్చేదాంక ఆగాల్నా? నేను ఆగుత, అది ఆగుతదా? మూడు దినాల సంది కంటికి నిద్ర లేదు నాకు.

మర్రిగూడ దిక్కు గుట్ట మీద పెద్ద దుర్బిణి లేదా, ఆడ పరిశోధన చేస్తున్న. జాహేద నా పేరు. కరెంటు ఆఫీసుకు వచ్చుడు కొత్త కాదు గానీ, గింత తొందరల ఎన్నడూ రాలే.

మొన్న ఆకాశంల ఒకటి పేలింది సారూ. ఏం పేలిందో దునియాల ఎవ్వలికీ తెల్వదు. గామా కిరణాలు బుస్సున వచ్చి నిమిషంల బంద్. కానీ వెనుక వెలుగు మిగుల్తది, మంట ఆరినంక నిప్పుల సెగ లెక్క. గట్ల మిగుల్తదని రెండేండ్ల కిందనే తెలిసింది. దాంట్ల ఎక్స్-రే వెలుగును ఉపగ్రహం చూస్తది. రేడియో అలలు వారాల తరబడి వస్తయి, పట్టెటోళ్లు వేరే ఉన్నరు. నడుమ మామూలు వెలుగు ఉన్నది చూడుండ్రి, అది దినదినం సన్నగైతది. తెల్లోళ్ల దేశాలల్ల పగలున్నప్పుడు మనకు రాత్రి. ఉత్తరాన దుర్బిణిలోళ్లకు మబ్బులట, చుక్క కనబడ్తలేదట. గా ముక్క మేం పట్టకుంటే ఇగ ఎవ్వలూ పట్టరు. అన్ని వెలుగులు పక్కపక్కన పెడితేనే కద అదేందో తెలిసేది!

నవ్వకుండ్రి సారూ.

మొదటి రాత్రి చేజేతుల చెడగొట్టుకున్న. అది ఆకాశంల ఏడున్నదో ఉపగ్రహమోళ్లు పంపిన జాగా రెండువేల సంవత్సరం లెక్కది. మా చుక్కల పటాలు పందొమ్మిదివందల యాభైవి. యాభై ఏండ్లకు చుక్కల లెక్క జర జరుగుతది. మార్చుడు మర్శిన! తెల్లార్లు ఉత్త జాగను ఫొటోలు తీసిన. సిగ్గుతోని సచ్చిన.

నిన్న జాగా దొరికింది. అంతల మీరు పొలాలకు కరెంటు ఇడిస్తిరి. ఊర్లల్ల మోటర్లన్నీ ఒక్కపారి లేస్తే మాకు వోల్టేజి ఏడుంటది? దుర్బిణి మోటరు ఈడ్సుకుంట నడిచింది, చుక్కలన్నీ గీతలైనయి. దుర్బిణి తిప్పే మా యోహాను నెత్తి పట్టుకున్నడు.

ఇయ్యాల దాటితే ఆ వెలుగు మా దుర్బిణి అద్దానికి అందదు. నేనడిగేదేంది? ఒక్క దినం పొలాలకు రాత్రి కరెంటు బదులు ఇప్పుడే ఇయ్యుండ్రి. రైతులు లొల్లి చేస్తరా? గుట్ట కింది గోపమ్మను అడిగే వచ్చిన. "వరి పొట్ట మీదున్నది బిడ్డా, నీళ్లు పారితే సాలు. పగలైతే పాముల భయమన్న తప్పుతది" అన్నది.

ఆఁ? ఇస్తరా? నిజంగనా! ఫోను చేస్తున్నరా? అల్లా మిమ్ముల సల్లగ సూడాలె!

ఏంది సారూ, ఫోను పెట్టేసిండ్రు? కిటికీ దిక్కేం చూస్తున్నరు?

యా అల్లా! ఎండకాలంల వానేంది?

ఏమన్నరు సబ్‌స్టేషనోళ్లు? గీ వానకు మోటర్లు ఎవ్వలూ ఎయ్యరు, రాత్రంత నిండు వోల్టేజి అన్నరా? అంటరు, అంటరు. గోపమ్మ వరి బతికె. ఆమె సంబురపడ్తది, పడనియ్యుండ్రి. వానను తిట్టబుద్ధైతలేదు, తిట్టకుంట ఉండబుద్ధైతలేదు.

ఇయ్యుండ్రి సారూ, నిండు వోల్టేజే ఇయ్యుండ్రి. రూంల బల్బన్న మంచిగ వెలుగుతది. దాని కింద కూసొని ఏడుస్త.