గిడియోన్ కాక వాలీబాల్ కోచింగు

సారక్క చాయ్ హోటల్ ముందు బల్ల మీద గిడియోన్ కాక కూర్చున్నాడంటే ఇక ఎవరూ జల్దీ లేవలేరు. బొగ్గుబాయి నుంచి రిటైరయ్యాక కాలనీ ఆడపిల్లలకు వాలీబాల్ నేర్పుతున్నాడు. రేపే పెద్దపల్లిలో పోటీ. జట్టులో ఐదుగురే ఉన్నారు. ఆరో పిల్ల అఫ్షీన్. చదువు పాడైతదని వాళ్ల నాన్న, మెకానిక్ దస్తగిర్ ఒప్పుకోవడం లేదు. అందుకే ఇవాళ కాక అతన్ని పక్కనే కూర్చోబెట్టుకున్నాడు.

"పిల్లను నాతోని పంపు దస్తగిర్, ఫికర్ చెయ్యకు. నాకు ఆటలు ఉత్తగ రాలే. ముందుగాల వాలీబాల్ పట్టిన. ఫస్ట్ షిఫ్టు దిగి, మొఖం మీది బొగ్గు సుత కడుక్కోకుంట గ్రౌండుకు ఉరికేటోన్ని. వారంల సర్వీసు కుదిరింది. ఆ తర్వాత ఏమైందో ఎరుకేనా? ఒకనాడు గట్టిగ కొడితే బంతి మబ్బులల్లకు పోయింది. మేం చాయ్ తాగొచ్చినంక కింద పడ్డది. మొత్తం తడిసింది!"

"ఎండకాలమా, వానకాలమా కాకా?" అంది సారక్క.

"ఎండకాలమే! గా బంతిని పిండుకొనే గ్రౌండుకు నీళ్లు చల్లినం. నడుమ అడ్డం రాకు. ఇగ కబడ్డీ పట్టిన. బాయిల గాలి తక్కువ గదా, దమ్ము ఆపుడు మాకు అలవాటే. పొద్దుగాల సైరన్‌కు కూత మొదలువెట్టిన. అవతలి జట్టోళ్లు డ్యూటీకి పోయి, మర్లి వచ్చి, బువ్వ తిన్నరు. నేను ఇంక కూత మీదనే ఉన్న."

"మరి ఈత?" పక్క బల్ల మీద చాయ్ తాగుతున్న భూపాల్ ఎగదోశాడు.

"గదే కూత మీద గోదావరిల దుంకిన! నీళ్ల అడుగు నుంచి పోయి మంచిర్యాల ఒడ్డుకు తేలిన. ఎనకకు చూస్తే చేపలు లైను కట్టినయి, మాకు సుత నేర్పుమని. ఏం చేస్త? వల తప్పించుకునుడు నేర్పిన. గిప్పటికీ అక్కడి చేప వలకు పడదు, కావాలంటె మార్కెట్ల అడుగు. చేపలకే నేర్పినోనికి నీ బిడ్డ ఒక లెక్కనా? దస్తగిర్, ఐదుగురితోని ఆడనియ్యరు. ఏడాది సంది ఎండల మాడిన్రు పిల్లలు. వాళ్లను ఉత్త చేతులతోని కూసోనియ్య, ఏమన్నగాని!"



దస్తగిర్ గ్లాసు కింద పెట్టాడు. "కాకా, నిన్న మా షెడ్డు మీదికెక్కి గ్రౌండు దిక్కు చూసిన. నువ్వు బంతికి ఎగిరినప్పుడల్ల నెత్తి మీద చెయ్యి వెట్టుకుంటున్నవు. 'తాతా, ఇది బాయి కాదు, పైన రూఫ్ లేదు, తల ఎత్తి ఎగురు' అని మొత్తుకుంటున్నది ఎవలు? ట్యూషన్‌కని పోయిన మా అఫ్షీన్ కాదా?"

అందరూ గొల్లున నవ్వారు. కాక నవ్వలేదు.

"ముప్పయ్యేండ్లు వంగి నడిచిన దస్తగిర్. మెడ నా మాట ఇంటలేదు. అయినా ఇడువ, నేర్చుకుంట."

దస్తగిర్ లేచి ఇద్దరి చాయ్ పైసలు బల్ల మీద పెట్టాడు.

"రేపు బస్సు ఎన్నింటికి? నేర్పేటామె లేకుంట నువ్వు ఒక్కనివి పోయి ఏం చేస్తవు?"