పెన్న వచ్చిందనేదానికి సాక్ష్యం

హలో… ఆ, నేనే బావా! నీ కొత్త పెండ్లాన్నే. ఇంకెవరు ఎత్తుతారు?…

యాడుండావు?… మిలిటరీ కోర్టు బయటనా?… వాళ్ళు టీకి లేచినారా… ఐదు నిమిషాలేనా? సరే సరే, నవ్వను. చెప్పు…

లీవు అయినాంక ఒక్క రోజు ఆలస్యంగా పోయినందుకు ఇంత కోర్టా!… పెన్న ఏరొచ్చి దావ మునిగిందని చెప్పలేదా?… నమ్మలేదా? "అనంతపురంలో ఏరా?" అన్నారా?… వాళ్ళను అని ఏం లాభం, నేను పుట్టినాంక చూసిందే మొదటిసారి.

కాగితమా?… తాసిల్దారు దగ్గరికి పోయినా. మనది కరువు మండలమంట. కరువు మండలంలో ఏరు పారిందని రాసిచ్చేదానికి రూలు లేదంట… అవును, ఆఫీసు వాకిట్లో బురద ఇంకా ఎండలేదు. అది తొక్కుకుంటానే చెప్పినాడు.

ఊరోళ్ళా?… అందరూ చూసినారు. సంతకం అంటే ఎవరికీ గుర్తు లేదు. ఏరు పారిందంటే కరువు పరిహారం పోతాదని భయం… ఒక్క తిప్పయ్య తాత పెడతానన్నాడు… కానీ ఆయన ఆ పొద్దు ధర్మవరంలో ఉండె… విన్న మాట పనికిరాదా? చూసినోళ్ళు చెప్పరు, చెప్పేటోడు చూడలేదు. భలే ఉండాది మీ కోర్టు!

నేను చూసినా కదా?… పెండ్లాం మొగుని పక్కే చెప్తాదంటారా? నన్ను అడగకముందే నా మాట కొట్టేసినారే!…

తప్పని తేలితే?… పద్నాలుగు రోజులు లోపలా?… ఉగాది లీవూ పోతాదా?… లేపాక్షికి తీసుకపోతానంటివే!… ఏడ్వలేదు. జలుబు.

ఆగు ఆగు! వీడియో ఉండాది బావా, నా ఫోన్లో! నువ్వు బయలుదేరాల్సిన పొద్దే పెన్నకు పసుపు కుంకుమ వేసేదానికి పోయినాము కదా, అప్పుడు అత్త తీసింది… వీడియోకూ సర్టిఫికెట్టా? మన పెండ్లికే ఎవరూ అడగలేదే!… పంపించేసినా లే. పొద్దున్నే, కోర్టులో కూర్చునే మీ సాహెబు నంబరుకే… ఎందుకు అరుస్తావు? నీళ్ళు బాగా కనపడతాండాయి…

ఆ, నన్నెత్తుకున్నదీ ఉండాది. పసుపు కుంకుమ రెండు గట్ల మీదా వేయాలంటిరి, కొత్త పెండ్లికూతురు కాళ్ళు తడపగూడదంటిరి. నువ్వు నన్నెత్తుకుని ఆ పక్కకు పోయి, మళ్ళా వచ్చినావు. ఎంత బాగున్నామో!…

నీళ్ళు యాడిదాకనా?… నీ మోకాళ్ళదాకా…

…అయ్యో.

బావా, సర్టిఫికెట్ లేకుంటే వీడియో చెల్లదంటివే?… ఏమి?… తప్పు చూపించేదానికైతే అక్కర్లేదా?…

ఎవరది పిలుస్తాండేది?… గుమాస్తానా?… సాహెబు చూసేసినాడంటనా… రాసుకున్నాడా? ఏమని?… "ఏట్లో మోకాళ్ళదాకా నీళ్ళు, దాటవచ్చును" అనా?… కోర్టు ముద్ర కూడా ఏసినారా?…

సరే, పో బావా. భయపడొద్దు. లేపాక్షి బసవన్న యాడికీ పోడు, నేనూ పోను… హలో?… హలో?…

కట్టయింది.

అత్తా! పెన్న వచ్చిందని కోర్టే రాసిందంట!… ష్, మెల్లగా. ఊర్లో ఎవరికీ చెప్పొద్దు, పరిహారం పోయిందని మన మీదికొస్తారు.