ముప్పై నాలుగు అడుగుల సూఫ్లే

నా ఈ వీడ్కోలు సభకు పెద్దగా కూర్చున్న మా యజమానురాలు మేడం గారికి, రెస్టారెంటుకు సెలవని తెలిసి కూడా చక్కగా ఇస్త్రీ బట్టలు వేసుకుని వచ్చిన అతిథులకు, ఇన్నేళ్ళలో మొదటిసారి ఏప్రాన్లు విప్పి మనుషుల్లా కనబడుతున్న మా వంటింటి బృందానికి, ముందు వరుసలో కూర్చుని "తొందరగా ముగించండి" అని కళ్ళతోనే చెబుతున్న మా ఆవిడకు, అందరికీ నమస్కారాలు.

ముందుగా నా ఇబ్బంది ఒకటి చెప్పుకోవాలి. ఈ హాల్లో వెయిటరుగా ఇరవయ్యారేళ్ళు నిలబడ్డాను గానీ కూర్చోవడం ఇదే మొదలు. ఇందాక మేడం గారు కుర్చీ చూపించి కూర్చోమంటే, చేతులు ఊరుకోక ఆ కుర్చీని వెనక్కి లాగి ఆవిడనే కూర్చోబెట్టాను. ఆవిడ కూడా అలవాటు కొద్దీ కూర్చుండిపోయారు. (నవ్వులు) తర్వాత ఎవరో నా ఒళ్ళో నాప్కిన్ పరిస్తే, ఏదో ఒలికిందేమోనని లేచి నిలబడ్డాను. కాబట్టి నా మాటల్లో తడబాటు కనిపిస్తే దుఃఖమనుకోకండి. కూర్చోవడం చేతకాకపోవడం, అంతే.

నాకన్నా ముందు మాట్లాడిన వాళ్ళంతా నా ఓపికను తెగ పొగిడారు. ఆ మాట వచ్చినప్పుడల్లా మా ఆవిడ దగ్గింది, మీరు గమనించారో లేదో. నిజం చెబుతున్నాను, నాకు ఓపిక లేదు. రెండు చేతుల్లోనూ ఎప్పుడూ పళ్ళాలుండేవి కాబట్టి, కోపం వచ్చినా చెయ్యి ఖాళీ లేక ఊరుకున్నాను. దాన్నే మీరు మర్యాద అనుకున్నారు. మీరు పెద్ద మనసున్న వాళ్ళు.

అసలు ఫ్రెంచి రెస్టారెంటులో భోజనమంటే మొదటిసారి వచ్చిన వాళ్ళకు ఎంత బెరుకో నాకు తెలిసినంతగా ఇంకెవరికీ తెలియదు. మెనూ చేతికివ్వగానే మనిషి ముఖంలోకి పరీక్ష హాల్లో ప్రశ్నాపత్రం అందుకున్న కళ వచ్చేస్తుంది. భర్త భార్యను చూస్తాడు, భార్య నన్ను చూస్తుంది, నేను పైకప్పు చూస్తాను. ఒక ఇంటి వాళ్ళు తమ పెద్దత్తయ్యకు అరవై ఏళ్ళు నిండాయని పట్టుబట్టి తీసుకొచ్చారు. మొదటి పళ్ళెం పెట్టాను. పళ్ళెం బండి చక్రమంత, దాని మధ్యలో చేపముక్క తపాలా బిళ్ళంత. ఆవిడ కాసేపు దాన్ని చూసి, నా చెయ్యి పట్టుకుని, "ఇంతేనా నాయనా, మిగతాది వెనకాల వస్తోందా?" అని అడిగారు. వస్తోందమ్మా అన్నాను. అబద్ధం కాదు, ఇంకో తొమ్మిది పళ్ళాలున్నాయి. ఏడోదానికి ఆవిడ చేతులు జోడించి, "ఇక చాలించు నాయనా, లేవలేను" అన్నారు. ఆ అత్తయ్యగారు ఈరోజు కూడా వచ్చారు. అదిగో, ఎడమవైపు రెండో బల్ల. అమ్మా, ఈరోజు ఐదు పళ్ళాలే, భయపడకండి. (నవ్వులు)

ఇంకో పెద్దమనిషి ఉండేవారు, మందుల షాపు ఆయన. వేడి బన్నులు బుట్టలో పెట్టి ఇస్తే, అవి ఒక్కసారే ఇస్తారనుకుని రెండు తిని రెండు కోటు జేబులో వేసుకున్నారు. నేను బుట్ట మళ్ళీ నింపాను. ఆయన మళ్ళీ జేబులో వేసుకున్నారు. నేను నింపడం, ఆయన దాచడం, ఇద్దరం పంతానికి పోయినట్టు నాలుగుసార్లు నడిచింది. చివరికి జేబులు రెండూ ఉబ్బిపోయి ఆయన చేతులు కిందికి దిగడం మానేశాయి. వెళ్ళేటప్పుడు ఇంకో నాలుగు కాగితంలో చుట్టి, "పిల్లలకండీ, దారిలో చల్లారిపోతాయేమో, జేబులో పెట్టుకోండి" అన్నాను. ఆయన నవ్వలేదు, సిగ్గుపడలేదు. "ఇంట్లో ముగ్గురున్నారు, ఇంకోటి ఎక్కువే పెట్టారు" అన్నారు. ఆ ఎక్కువ పెట్టింది మీకేనండీ అన్నాను.

జున్ను బండి, అదే రకరకాల చీజ్ పెట్టుకుని బల్లబల్లకూ తోసుకెళ్ళే బండి, దాని సంగతి చెప్పకుండా దిగితే వంటింటి వాళ్ళు నన్ను క్షమించరు. మన జున్నుల్లో ఒకటుంది, తినడానికి అమృతమే గానీ వాసన మాత్రం వేరే కథ. ఆ బండిని ఒక బ్యాంకు మేనేజరు గారి బల్ల పక్కన ఆపి ఎవరో పిలిస్తే వెళ్ళాను. తిరిగొచ్చేసరికి ఆయన రెండు కాళ్ళూ కుర్చీ కిందికి ముడుచుకుని, చెమటలు కక్కుతూ కూర్చున్నారు. పాపం అది తన బూట్ల వాసనేమో అనుకుని పావుగంటగా ఆ అవస్థ. నేను మూత తీసి, ఇది ఫలానా జున్నండీ అని చెప్పగానే, "హమ్మయ్య, ఇదా" అని ఆనందంతో పావు కిలో తిన్నారు. (పెద్దగా నవ్వులు)

ఇలా నవ్విస్తూనే ఉండవచ్చు, మేడం గారు కూడా గడియారం చూడటం లేదు. కానీ నేను ఈరోజు మైకు పట్టుకున్నది ఇందుకు కాదు. ఆ చివర, వంటింటి వాళ్ళ వరుసలో ఒక కుర్చీ ఖాళీగా ఉంది చూడండి. నేను మాట్లాడవలసింది ఆ కుర్చీతో.

మీ అందరికీ మన సూఫ్లే తెలుసు. తెల్లసొన నురగ కట్టేలా గిలక్కొట్టి, పాలు, వెన్న, కాస్త పిండి, చాక్లెట్టు కలిపి ఓవెన్‌లో పెడితే, గిన్నె అంచు దాటి బొటనవేలంత ఎత్తు పైకి పొంగుతుంది. బయటికి తీసిన క్షణం నుంచే కుంగడం మొదలవుతుంది. వంటింటి తలుపు దగ్గర్నుంచి వీధి వైపు అద్దం పక్కన, నేను నిలబడిన ఈ బల్లకు ముప్పై నాలుగు అడుగులు, మధ్యలో మూడు మెట్లు. పొంగు మీదుండగానే అతిథి ముందు పెట్టాలి. అది ఈ హాల్లో హెడ్ వెయిటరే, అంటే నేనే, మోయాలి, ఇంకెవరూ ముట్టుకోకూడదని ఒక నియమం ఉంది. ఆ నియమం పెట్టింది మేడం గారు కాదు, నేను. నా గొప్ప కోసం పెట్టుకున్నాను.

దాన్ని చేసేది మా సూఫ్లే చెల్లెమ్మ. తోడబుట్టింది కాదు. ఇద్దరం ఒకే నెలలో చేరాం, పళ్ళాలు అందించే చిన్న కిటికీకి ఆవిడ అటు, నేను ఇటు. ఆవిడకు కోపం ముక్కుమీదే ఉంటుంది. "అన్నయ్యా, అక్కడ కబుర్లాడుతున్నావా, ఇక్కడ ఇది ప్రాణం వదిలేస్తోంది" అని ఆవిడ అరిస్తే, "నువ్వు గరిట తిప్పినంత తేలిక కాదమ్మా నడవడం" అని నేను అరిచేవాడిని. ఆవిడ ఈ హాల్లోకి ఎప్పుడూ అడుగు పెట్టలేదు. నేను ఆవిడ ఓవెన్ దగ్గరికి వెళ్ళలేదు. ఇరవయ్యారేళ్ళు ఆ కిటికీలోంచి పోట్లాడుకుంటూనే పెద్దవాళ్ళమైపోయాం.

రెండేళ్ళ కిందట నా కుడి మోకాలు మొరాయించింది. ఎవరికీ చెప్పలేదు. ముప్పై నాలుగు అడుగులకు పట్టే సమయం రెట్టింపయింది, మెట్ల దగ్గర ఒక్క క్షణం ఆగవలసి వస్తోంది. అయినా సూఫ్లే మాత్రం చెక్కుచెదరకుండా నిలబడే వస్తోంది. నేనేమో నా నడకలో ఇంకా నైపుణ్యం ఉందనుకుని మురిసిపోయాను. ఇంట్లో మా ఆవిడకు కూడా చెప్పుకున్నాను, కాలు పోయినా చెయ్యి పోలేదని.

ఇక్కడే, ఈ బల్ల దగ్గరే, ప్రతి నెలా మొదటి మంగళవారం ఒక వయొలిన్ టీచరమ్మ వచ్చి కూర్చుంటారు. ఒక సూపు, ఒక సూఫ్లే, అంతే. నాలుగు నెలల కిందట ఆవిడ చెంచా పక్కన పెట్టి, "బాబూ, చాలా రోజులుగా అడుగుదామనుకుంటున్నాను, ఇది ఇప్పుడు బాగా నిలబడుతోంది. మునుపటిది నిలబడేది కాదు. నాకు ఆ నిలబడనిదే ఇష్టం" అన్నారు.

నాకు తల కొట్టేసినట్టయింది. తిన్నగా కిటికీ దగ్గరికి వెళ్ళి, అందరూ వింటుండగా, "నీ చెయ్యి బరువెక్కిందమ్మా, సూఫ్లే అడిగితే కేకు చేస్తున్నావు, చేతకాకపోతే మానెయ్" అన్నాను. మామూలుగా అయితే ఆవిడ ఒంటికాలి మీద లేవాలి. ఆరోజు గిన్నె తుడుచుకుంటూ అటు తిరిగింది. గిన్నెలు కడిగే మా బాబాయి నన్ను పక్కకు పిలిచి, "ఏం మాటలండీ అవి? రెండేళ్ళుగా పిండి ఒక చెంచా ఎక్కువేసి, రెండు నిమిషాలు ఎక్కువ కాలుస్తోంది. మీ మోకాలు చూసే. అది కుంగితే మీ పరువు పోతుందని" అన్నాడు.

ఆవిడ పని గురించి తెలిసిన వాళ్ళకు దీని బరువు అర్థమవుతుంది. తన చేతిలో ఉన్న ఒకే ఒక్క గొప్పదాన్ని, తెలిసి తెలిసి, రోజూ కొంచెం పాడుచేసింది. ఎందుకు, నేను పెట్టుకున్న ఒక పనికిమాలిన నియమం కోసం. ఆ పళ్ళెం రేపట్నుంచి నా చోట హెడ్ వెయిటరయ్యే మన పొడుగమ్మాయి చేతికిచ్చి ఉంటే నాలుగు అంగల్లో తెచ్చేది. నాకు ఆ ఆలోచనే రాలేదు. వచ్చినా ఇచ్చేవాణ్ణి కాదు.

మరునాడే ఉద్యోగం మానేస్తానని మేడం గారికి కాగితం రాసిచ్చాను. వయసు మీద పడిందన్నాను. మీరంతా అదే నమ్మారు. చెల్లెమ్మ మాత్రం, ఆ కోపంతోనే వెళ్ళిపోతున్నానని అనుకుంది. అప్పట్నుంచి మాటల్లేవు. ఆర్డరు చీటీ పెడితే తీసుకోవడం, పళ్ళెం తోసెయ్యడం. పోట్లాట కూడా లేదు, అది నేను భరించలేకపోయాను. తప్పయిందని చెబుదామని ప్రతి రోజూ ఆ కిటికీ దాకా వెళ్ళేవాడిని, ఉప్పు డబ్బా అడిగి వచ్చేవాడిని. ఈ నాలుగు నెలల్లో మా బల్లల మీద ఉప్పుకు లోటు రాకపోవడానికి కారణం అదే. (నవ్వులు)

చెల్లెమ్మా, నువ్వు ఆ కుర్చీలో లేవు, అయినా చెబుతున్నాను. ఆ మాట అన్నందుకు నాకు సిగ్గుగా ఉంది. నేను కోపంతో పోవడం లేదు. నేనుంటే నువ్వు ఆ చెంచా పిండి మానవు, అందుకే పోతున్నాను. రేపట్నుంచి మునుపటిలా చెయ్యి. టీచరమ్మ గారు మళ్ళీ మంగళవారం వస్తారు.

ఏమిటి బాబాయ్, అలా చేతులు ఊపుతున్నావు? పళ్ళాల కిటికీ తెరిచే ఉందా? అంతా వినబడిందా?

(వంటింటి తలుపు తెరుచుకున్న చప్పుడు. చప్పట్లు)

లేవకండి, ఎవరూ దారికి అడ్డం రాకండి. ఏప్రాన్ కూడా విప్పకుండా వస్తోంది. చేతిలో గిన్నె చూడండి, ఎంత ఎత్తు పొంగిందో, ఎలా వణుకుతోందో. ఇది ఆ పాతది. మెట్లు జాగ్రత్తమ్మా. ఒక్క నిమిషం, ఇది కాలడానికి పద్నాలుగు నిమిషాలు పడుతుంది. నేను క్షమాపణ అడిగి రెండు నిమిషాలు కూడా కాలేదు. అంటే నేను నోరు తెరవకముందే ఓవెన్‌లో పెట్టేసింది...

ఏమంటోందో వెనకవాళ్ళకు వినబడిందా? "మైకు పక్కన పెట్టి చెంచా పట్టుకో అన్నయ్యా, కుంగిపోతోంది" అంటోంది.

(విరామం)

క్షమించాలి, నోట్లో పెట్టుకుని మాట్లాడకూడదని ఇన్నేళ్ళూ మీ పిల్లలకు కళ్ళతో చెప్పింది నేనే. మిత్రులారా, వేలసార్లు దీన్ని మోశాను గానీ, పొంగు మీద ఉన్నప్పుడు తినడం నాకిదే మొదలు. మాకు మిగిలేవి ఎప్పుడూ చల్లారి కుంగిపోయినవే. మొదటి చెంచాకు మీరంతా కళ్ళు ఎందుకు మూసుకునేవారో ఈరోజు తెలిసింది.

మేడం గారికి, మీకందరికీ నా కృతజ్ఞతలు. ఇది ఇంకా సగం ఉంది, మా చెల్లెమ్మకు ఒక కుర్చీ వేసి, ఇంకో చెంచా ఇప్పించండి. సెలవు.