కొండకి పనికిరాని ఫ్రేమ్

శనివారం సాయంత్రం. వసారాలో పరిచిన పాత దుప్పటి మీద ఒక సైకిల్ ఫ్రేమ్ నిగనిగలాడుతూ పడుకుని ఉంది. దాన్ని ముచ్చటపడి కొనుక్కొచ్చింది బట్టలు కుట్టే ఆయన. వంకలు పెడుతున్నది ప్రతి ఆదివారం పొద్దున్నే సైకిల్ జట్టుతో కొండకి వెళ్ళే ఆయన భార్య.

"కొనే ముందు నన్నొక్క మాట అడగాల్సింది."

"అడిగితే వద్దంటావని అడగలేదు."

"ఇప్పుడు మాత్రం ఊరుకుంటానా? అసలు దీన్ని ఎత్తి చూశారా?"

"చూశా. బలంగా ఉంది."

"బలం కాదండీ, బరువు. నా సైకిల్ ఫ్రేములాంటివి రెండు కలిపినా ఇంత ఉండవు. ఇది ఇంకా ఉత్త ఎముకల గూడు. దీనికి చక్రాలు, గేర్లు, సీటు, ఆ పైన మీరు."

"నన్ను కూడా లెక్కేశావా."

"ముందు మిమ్మల్నే వెయ్యాలి."

"సరే, బరువంటే బరువు. కాస్త ఒళ్ళు తగ్గుతుంది. ఇంకేమిటి?"

"ఈ వెనక స్ప్రింగు ఎందుకు?"

"గతుకుల్లో నడుం నొప్పి రాదట. షాపువాడు చెప్పాడు."

"షాపువాడు మీ చెవిలో పువ్వు పెట్టాడు. ఇంత చవకలో వచ్చే స్ప్రింగు గతుకు దగ్గర ఉలకదు, పలకదు. పెడలు తొక్కితే మాత్రం ఊగుతూ కూర్చుంటుంది. ఎత్తు ఎక్కేటప్పుడు మీ బలంలో సగం అదే తినేస్తుంది."

"ఇంటికి ఇంకో నోరు తెచ్చానన్నమాట."

"నవ్వకండి. వెనక డిస్క్ బ్రేకు బిగించడానికి చోటేది?"

"రబ్బరు బ్రేకు వేసుకుంటా. మీ నాన్నగారి సైకిల్‌కి అదేగా ఉండేది."

"మా నాన్న కొండలెక్కలేదు."

"మావగారు తెలివైనవారు."

"ఇటు రండి, ఈ అతుకు చూడండి. వెల్డింగు ఇక్కడ లావుగా ఉంది, ఇక్కడ సన్నగా ఉంది. మీ మిషన్ మీద కుట్టు ఇలా పడితే ఊరుకుంటారా?"

"విప్పేసి మళ్ళీ వేస్తా."

"చూశారా."

"లోపలి పక్క అయితే వదిలేస్తా."

"ఇది లోపలి పక్క కాదు మహానుభావా. హ్యాండిల్ నిలబడేదే దీని మీద. దిగేటప్పుడు ఇది విడిపోయిందంటే చక్రం ఒక దారి, మీరు ఒక దారి. పోనీ మీ ఎత్తుకి సరిపోతుందో లేదో అయినా చూశారా?"

"అది మాత్రం చూశా. టేపు పెట్టి నా కాలు లోపలివైపు కొలుచుకుని, ఈ నిలువు గొట్టం కొలిచి, అప్పుడే బేరం ఆడా."

"ప్యాంటుకి కొలిచినట్టు?"

"తప్పా?"

"తప్పు కాదు. అలాగే కొలవాలి."

"హమ్మయ్య. ఒక్కదాంట్లో పాసయ్యా. అది సరే గానీ, పైన ఎలా ఉంటుంది?"

"ఎక్కడ పైన?"

"కొండ పైన."

"ఎలా ఉంటుంది... గాలి వేస్తుంది."

"ఊరంతా కనబడుతుందా?"

"కనబడుతుంది లెండి."

"మన ఇల్లు?"

"అంత ఎత్తు నుంచి ఇల్లెక్కడ కనబడుతుందండీ."

"నీళ్ళ ట్యాంకు పక్కనే కదా అని. ఒక్క ఫోటో అయినా తేవు నువ్వు."

"రెండు చేతులూ హ్యాండిల్ మీద ఉంటే ఫోటో ఎవరు తీస్తారు? మాట మార్చకండి. దీన్ని వెనక్కి ఇచ్చేసి రండి."

"తీసుకోడు. ఆటోలో తెస్తుంటే రంగు గీసుకుపోయింది."

"అయితే ఆ మూల పెట్టండి. మంచిది నేనే దగ్గరుండి కొనిపెడతా."

"ఎప్పుడు?"

"చలి తగ్గాక."

"అప్పుడడిగితే ఎండ తగ్గాక అన్నావు."

"మిమ్మల్ని రావద్దని నేనన్నానా?"

"అనలేదు. బరువన్నావు, స్ప్రింగన్నావు, బ్రేకన్నావు, చలన్నావు. రావద్దని మాత్రం అనలేదు."

"మీకు అలవాటు లేదని నా బాధ. జట్టులో అందరూ ఏళ్ళ తరబడి తొక్కుతున్నవాళ్ళు. ఆ పళ్ళ డాక్టరుగారైతే కాలు కింద పెట్టరు. మధ్యలో ఆగిపోతే ఎంత చిన్నతనంగా ఉంటుందో తెలుసా?"

"ఎవరికి?"

"ఆగినవాళ్ళకి."

"నీకెలా తెలుసు?"

"నాకెలా... ఎవరికైనా అంతే కదండీ. అడ్డం తిప్పకండి."

"తిప్పను. ఉన్నమాట చెప్పనా? ఆదివారం పొద్దున్నే నువ్వు లేకపోతే ఇల్లు బాగుండదు. అలవాటుకొద్దీ ఇద్దరికీ కాఫీ కలిపేస్తున్నా. రెండోది కూడా నేనే తాగి, ఏం చెయ్యాలో తోచక గడప దగ్గర నిలబడుతున్నా. నీతో రావాలని ఉంది. అంతే."

"ఈ మాట ముందే చెప్పొచ్చుగా."

"చెప్పాగా, ఫ్రేమ్ కొని."

"కొనేదేదో మంచిదే కొనుక్కోలేకపోయారా? నాకు కొన్నప్పుడు షాపులన్నీ తిప్పి, చెప్పులరిగేదాకా వెతికారు. మీ దగ్గరికొచ్చేసరికి ఇదా?"

"నీది కొండకని కొన్నాం. నాకు అంత అక్కర్లేదు."

"ఎందుకక్కర్లేదు? మీరొచ్చేదీ ఆ కొండకేగా."

"సూటిగా చెప్పు. ఇది కొండ ఎక్కుతుందా?"

"చచ్చినా ఎక్కదు."

"రెండో మలుపు దాకా వస్తుందా?"

"రెండో మలుపా?"

"ఆఁ."

"అక్కడిదాకా ఏ డొక్కు ఫ్రేమైనా వస్తుంది. అసలు ఎత్తు మొదలయ్యేదే అక్కడ. అయినా... అక్కడేముందని?"

"పోయిన ఆదివారం నువ్వు నీళ్ళ సీసా మర్చిపోయావు. ఇద్దామని స్కూటరేసుకుని అక్కడిదాకా వచ్చా."

"వచ్చారా? మరి ఇవ్వలేదేం?"

"జట్టంతా పైకెళ్ళిపోయింది. మా ఆవిడ ఒక్కతే సైకిల్ పక్కన పడేసి, వాళ్ళు దిగొచ్చేదాకా కల్వర్టు మీద కూర్చుని ఉంది. ఎదురుపడితే చిన్నబోతుందని, చాటు నుంచే చూసి సీసా ఇవ్వకుండా వెనక్కి వచ్చేశా. ఆ కల్వర్టు మీద ఇద్దరికి చోటుంది, అక్కడిదాకా రావడానికి ఈ ఫ్రేమ్ చాలదూ?"