అప్పన్న అస్తికలకి గొడుగు

లోవరాజని ఉండేవోడంట, తుని అవతల కొండల దగ్గిర. ఆడి అయ్య అప్పన్న పోయాడు. పోయేవోడు మంచి రోజు చూసుకుని పోతాడా ఏటి, సరిగ్గా తుపాను మీద తుపాను కొట్టే రోజుల్లో పోయాడు. ఎల్లుండి పెద్దదినం. ఈలోపు రాజమండ్రి ఎల్లి అస్తికలు గోదాట్లో కలిపి రావాలి, లేపోతే కర్మ జరగదు. చూస్తే బస్సుల్లేవు. చెట్లు పడిపోయి రోడ్డు రోడ్డులా లేదు. బస్సు పోదు గానీ సైకిలైతే, చెట్టు అడ్డమొచ్చినప్పుడు భుజానేసుకుని దాటొచ్చు కదా అనుకున్నాడు ఈడు. తోడెవరొస్తారు ఆ గాల్లో? గంగులొచ్చాడు. చిన్నప్పట్నుంచీ జతగాడు. స్నేహం కోసమే వచ్చాడనుకోండి, పనైపోయాక రాజమండ్రిలో ఓ సినిమా కూడా చూడొచ్చని మనసులో ఉందంట. అత్తోరు పెట్టిన కొత్త గొడుగుంది ఆడికి, పెద్దది, నల్లగా నిగనిగలాడతాది. అది కూడా తెచ్చుకున్నాడు పాపం.

ఊరు దాటారో లేదో వానందుకుంది. లోవరాజు సైకిలాపి, ఒరే గంగులూ, నీ గొడుగిలాగియ్యరా అన్నాడంట. ఇద్దరం దాని కింద నిలబడతామనుకుని ఆడిచ్చేశాడు. ఈడేం చేశాడూ? అస్తికల ముంత గుడ్డలో మూటకట్టి హేండిలికి ఏలాడదీసుకున్నాడు కదా, గొడుగిప్పి, సరిగ్గా ఆ ముంత మీదకొచ్చేలాగ హేండిలికి తాడుతో బిగించేశాడు. "ముంత తడవకూడదురా" అన్నాడు, అంతే, ఇంకో మాట లేదు. గంగులేమనుకున్నాడంటే, ఇదేదో శాస్త్రం కాబోలు, పెద్దోళ్లు చెప్పుంటారు, మనకేం తెలుసు అనుకుని నోరు మూసుకున్నాడు. అసలే ఎదురుగాలి. గొడుగు కట్టుకుని ఎదురుగాల్లో సైకిలు తొక్కారా ఎప్పుడన్నా? తొక్కకండి. ఈడు ముందుకి తొక్కుతుంటే గొడుగు ఎనక్కి లాగతాదంట. తొక్కుతాడు, లాగతాది. తొక్కుతాడు, లాగతాది. చూసి చూసి గంగులు, ఒక చేత్తో తన సైకిలు హేండిలి పట్టుకుని రెండో చేత్తో ఈడి ఈపు నెట్టుకుంటా వచ్చాడంట, తడిసి ముద్దయిపోతా.

దారిలో ఓ టీ బడ్డీ తగిలింది. అస్తికలు పట్టుకుని ఒకరి చూరు కిందకి ఎల్లకూడదు, ముంత నేల మీద పెట్టకూడదు, మీకూ తెలుసు కదా. అందుకని లోవరాజు రోడ్డు పక్కన ఏపచెట్టు కొమ్మకి ముంత ఏలాడదీసి, దానికి గొడుగు పట్టుకుని తను మాత్రం వానలో నిలబడ్డాడు. గంగులు లోపల కూచుని బజ్జీలు తింటన్నాడు. బడ్డీ ఆవిడ చూసి, ఏం బాబూ, ఆ అబ్బాయి చెట్టుకి గొడుగు పట్టాడేటి అని అడిగిందంట. "అస్తికలమ్మా. గోదాట్లో కలిపేదాకా చుక్క పడకూడదు. శాస్త్రం" అన్నాడు గంగులు, అన్నీ తెలిసినోడిలాగ. "అవునవును, మా వైపూ ఉంది" అందంట ఆవిడ! చూశారా, లేని శాస్త్రం ఉన్నపళంగా ఇంకో ఊరికి పాకిపోయింది.

మర్నాడు పొద్దుటికి, ఒకడు తుమ్ముకుంటా ఒకడు వణుక్కుంటా, రేవులోకి దిగారు. గోదారి ఎర్రగా మెట్ల మీదకొచ్చేసి ఉంది. గంగులు పంతులుగారి దగ్గిరకెల్లి, "అయ్యగారూ, ఇంత దూరం తెచ్చాం, ముంత మీద ఒక్క చుక్క పడితే ఒట్టు" అన్నాడంట, మెచ్చుకుంటారని. ఆయన తెల్లబోయి, "పడితే ఏమయ్యా? ఇప్పుడు ముంచేది నీళ్లలోనే కదా. అలాంటి నియమం ఎక్కడా లేదే" అన్నారు. గంగులికి ఒళ్లు మండిపోయింది. "ఏరా, నా ఊపిరి పోయేలాగ నెట్టించావు, నన్ను తడిపి పీనుగుని చేశావు, ఇంతకీ శాస్త్రం లేదంట! ఎందుకురా ఈ గొడుగు?" అని లోవరాజు చొక్కా పట్టుకున్నాడు. లోవరాజు తలొంచుకుని, "శాస్త్రమని నేనెప్పుడన్నాన్రా? మా అయ్యకి వాన పడదురా. తడిసాడంటే రేత్రంతా దగ్గుతాడు" అన్నాడంట. దగ్గుతాడు అన్నాడు. దగ్గేవోడు అన్లేదు.

గంగులు చొక్కా వదిలేశాడు. పంతులుగారు మంత్రం మొదలెట్టి, కానీయ్ నాయనా అంటే, లోవరాజు ముంత పట్టుకుని మెట్లు దిగాడు గానీ చేతులు కిందకి రావడం లేదంట. "నీళ్లు చల్లగా ఉన్నాయిరా గంగులూ" అంటాడు, ఏడుస్తాడు. అప్పుడేమైందంటే, గంగులు కూడా గోదాట్లో దిగి, పక్కన నిలబడి, ముంతకి గొడుగు పట్టాడు. "ఏం కాదులే, నేను పట్టుకున్నా, నువ్వు మెల్లిగా వదులు" అన్నాడు. ముంత నీళ్లలో ములిగి కనపడకుండా పోయేదాకా అలాగే పట్టుకున్నాడంట.

నవ్వొస్తే నవ్వుకోండి, గోదాట్లో ములిగేదానికి గొడుగు పట్టిన తెలివైనోళ్లు ఈళ్లిద్దరేగా! నాకూ ఉన్నారిద్దరు కొడుకులు. చదువుకున్నోళ్లు, శాస్త్రాలన్నీ తెలుసు. నేను పోయాక ఆళ్లూ తీసుకెల్లి గోదాట్లో కలుపుతారు, కాదన్ను. వానొస్తే మాత్రం గొడుగు ఆళ్ల నెత్తి మీదే ఉంటాది.