తాత నేర్పిన మూడో చరణం

బ్రిటిష్ వాళ్ల మీద డబ్లిన్ తిరగబడి నూరేళ్లు నిండాయి. రేపు ఈస్టర్ ఆదివారం, ఐర్లండులోని ఎన్నిస్ ఊరి కూడలిలో ఫింటన్, తిరుగుబాటు వీరుడని పేరున్న తాతగారి పాట వరసని ఆయన ఫిడేలు మీదే వాయించాలి. వంటింట్లో సాధన చేస్తుంటే అక్క టీ కప్పుతో గుమ్మంలో నిలబడింది. ఆ నిలబడిన తీరు ఫింటన్‌కి నచ్చలేదు.

“మూడో చరణం ఏదిరా?”

“టైము లేదన్నారక్కా.”

“మేయరు ఉపన్యాసానికి గంటుంది, తాత చరణానికి అరనిమిషం లేదా?”

“వేళ్లు నొప్పి.”

“ఇందాక టైమన్నావు, ఇప్పుడు వేళ్లంటున్నావు. ఇంకాసేపుంటే పిల్లి ఎత్తుకుపోయిందంటావు. ఏం దాస్తున్నావు?”

ఫింటన్ కమాను కింద పెట్టాడు.

“పోయిన వేసవిలో స్కాట్లండు ముసలాయన ఒకడు అది విని నవ్వాడు. ఆ చరణం వాళ్ల పటాలానిదట. మొదటి ప్రపంచ యుద్ధంలో, సరిగ్గా ఆ ఈస్టరు నాళ్లలోనే ఫ్రాన్సు కందకాల్లో వాయించేవారట.”

“అంటే ఆ ఈస్టరుకి తాత…”

“తిరుగుబాటులో లేడు. తిరుగు బాట ఎప్పుడా అని ఫ్రాన్సులో కూర్చున్నాడు, బ్రిటిష్ యూనిఫాంలో.”

అక్క టీ కప్పు బల్ల మీద పెట్టింది.

“బతికినన్నాళ్లూ నోరు విప్పనివాడు, ఆ చరణం మనకెందుకు నేర్పాడంటావు?”

ఫింటన్ ఫిడేలు తీగ సవరించాడు.

“ఎవరి దగ్గర నేర్చుకున్నామో చెప్పి వాయించడం మన ఆనవాయితీ. మైకులో చెప్పు. నువ్వు తాత దగ్గర, తాత ఫ్రాన్సులో స్కాట్లండు సిపాయి దగ్గర.”

“జనం మొహం చిట్లిస్తే?”

“ఈ ఊళ్లో సగం మంది తాతలు అదే యూనిఫాంలో అక్కడున్నవాళ్లే. నిన్ను కాదు, తమ బూట్లు చూసుకుంటారు. వాయించు, ఆ చరణం నేను మరిచిపోయాను.”

ఫింటన్ కమాను అందుకున్నాడు. మూడో చరణం మొదలవకముందే అక్క పాదం దాని తాళం వేసింది. మరిచిపోయానన్నది అబద్ధమే.