పిడి మీద స్టిక్కర్

హలో… ఆ, నేనే. వినియోగదారుల ఆఫీసులో మేడమ్‌నే. … ఓహో, టైలర్ గారా! మీకు నూరేళ్ళాయుష్షండీ, ఇప్పుడే మీకు ఫోన్ చేద్దామనుకుంటున్నా. మీ హీటర్ రాడ్‌ని పరీక్షకి పంపాం కదా, అది…

ఏంటీ?

ఫిర్యాదు వెనక్కి తీసుకుంటారా! ఎందుకండీ?

… నవ్వకండి. ఆ షాపతను మీ ఇంటికే వచ్చాడా? … కాళ్ళమీద పడ్డంత పని చేశాడా? అవన్నీ నక్క వినయాలండీ బాబూ! మీకంటే ముందు ఇద్దరు ఇలాగే రాజీపడి వెళ్ళిపోయారు. ఫిర్యాదు చేసిన మనిషే లేకపోతే నేను ఆ షాపుకి తాళం ఎలా వేయించేది? కొరివితో తల గోక్కుంటున్నారు మీరు.

… కొత్త రాడ్ ఇచ్చాడా. ఎక్కడుందది? … చేతిలోనా? ఇంకా ప్లగ్గులో పెట్టలేదుగా? … సరే. బతికించారు.

వినండి. మీ పాత రాడ్ లోపల తీగ మీది తొడుగు కరిగిపోయిందట. నీళ్ళకే కరెంటు పాకుతోంది. మీకు వేళ్ళు జివ్వుమన్నాయన్నారే… ఆ రోజు రబ్బరు చెప్పులేసుకున్నారు కాబట్టి జివ్వుతో పోయింది. లేకపోతే ఇవాళ నాతో మాట్లాడేవారు కాదు.

… ఇది కొత్తదంటారా? పిడి మీద స్టిక్కరుందా? … ఆ, అదే. పీకండి. … రావట్లేదా? గోరుతో గీకండి. రోజంతా కుట్లు విప్పే చేతులేగా మీవి!

… ఊఁ. …

నల్లగానా? మాడిన మచ్చా?

… టైలర్ గారూ, అది కొత్తది కాదు. ఎవరింట్లోనో కాలితే వెనక్కి తీసుకుని, మచ్చ మీద స్టిక్కరేసి మీకంటగట్టాడు. దొంగ వెధవ! … సరే, సరే, మిమ్మల్ని మీరు తర్వాత తిట్టుకుందురుగాని. దాన్ని పక్కన పెట్టి ఇక ముట్టుకోకండి, నేనే మనిషిని పంపి…

ఏవన్నారు? రెండా?

… ఒకటి ఊరికే ఇచ్చాడా! మరి ఆ రెండోదేదండీ?

… మీ చెల్లెలికా. … ఎప్పుడిచ్చారు? … ఇవాళ పొద్దున్నేనా? … చంటిదాని స్నానానికని…

ఫోన్ పెట్టేయకండి! మీ ఆవిడ ఫోనుందిగా, దాంట్లోంచి చెల్లెలికి చెయ్యండి. బకెట్ జోలికి పోవద్దనండి. ముందు మెయిన్ ఆపమనండి. … నేను లైన్లోనే ఉంటాను, చెయ్యండి.

…

ఎత్తట్లేదా? మళ్ళీ చెయ్యండి. … ఆ, స్నానం చేయిస్తూ ఉండొచ్చు… అవును, అందుకే ఎత్తట్లేదేమో… నాకూ భయంగానే ఉందండీ, ఆపకండి. మళ్ళీ చెయ్యండి.

…

ఎత్తారా? అమ్మయ్య! … ఏం వినిపిస్తోంది? … ఏడుపా? చంటిదేనా? … ఏడవనీండి, ఏడుస్తోందంటే దానికేం కాలేదు. మెయిన్ ఆపమని చెప్పారా? … ముందే ఆపేశారా? … ఎవరు ఆపారు?

… మీతో మాట్లాడుతున్నది ఎవరసలు? … పక్కింటావిడా?

ఆవిడెందుకెత్తింది టైలర్ గారూ?

… మీ చెల్లెలేదని అడగండి. … అడగండి. … టైలర్ గారూ… హలో… హలో…